దారి ఖర్చులు

స్పాన్సర్‌షిప్ కార్డు మీద పిల్లాడి పేరు, వయసు, దేశం, ఇష్టమైన ఆట ఉంటాయి. వైకల్యం ఉన్న పిల్లాడైతే అడుగున ఇంకో ముక్క ఉంటుంది, ప్రత్యేక అవసరాలు ఉన్నాయని. ఏ అవసరాలు, రోజుకు ఎన్నిసార్లు, తీర్చేదెవరు అన్నది కార్డు చెప్పదు. ఆరాధన అయ్యాక చర్చి హాల్లో కాఫీ తాగుతూ ఆ కార్డు చేతిలోకి తీసుకున్న భార్యాభర్తలు మామూలుగా అనుకునేది ఒకటే. ఆపరేషన్‌కో వీల్‌చెయిర్‌కో డబ్బు కావాలి కాబోలు, మనం ఇస్తే ఆ బాబు బాగుపడతాడు అని. మంచి మనసే. కానీ ఆ ఊహతో మొదలుపెట్టినవాళ్లు రెండో ఏడు తిరిగేసరికి చప్పబడిపోవడం తెలుగు సంఘాల్లో చాలా ఇళ్లల్లో చూశాను. బాగుపడ్డాడన్న కబురు ఎంతకీ రాదు మరి. వచ్చే ఉత్తరాల్లో కోడిపిల్లల గురించీ వర్షాల గురించీ ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ రెండో ఏటి కోసం, ఆ తర్వాత వచ్చే పదేళ్ల కోసం. నా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాను. ఆపరేషన్లకు దాతలు దొరుకుతారు, ఫొటో కూడా బాగా వస్తుంది. దొరకనిదల్లా ఆ బిడ్డను వీపున కట్టుకుని ఆస్పత్రికి మళ్లీ మళ్లీ తిరిగే తల్లికి దారి ఖర్చులు. మీ డబ్బు, మీ ఉత్తరాలు, మీ ప్రార్థనలు అటు తిరగాలి.

ఈ స్పాన్సర్‌షిప్ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో చెల్లాచెదురైన పిల్లల కోసం జాన్ లాంగ్డన్ డేవీస్ అనే ఇంగ్లీషు పాత్రికేయుడు ఒక్కో బిడ్డకు ఒక్కో దాతను జతచేశాడు. ఇప్పటి ప్లాన్ ఇంటర్నేషనల్ అక్కడ పుట్టిందే. మరుసటి ఏడాది అమెరికాలోని రిచ్‌మండ్‌లో కాల్విట్ క్లార్క్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి చైనా పిల్లల కోసం ఒక నిధి పెట్టాడు. కొరియా యుద్ధంలో అనాథలైన పిల్లలను కళ్లారా చూసి వచ్చిన ఎవరెట్ స్వాన్సన్ 1952లో మొదలుపెట్టింది కంపాషన్. వీళ్లందరికంటే ముందు, 1908లోనే, ఎర్నస్ట్ క్రిస్టోఫెల్ అనే జర్మన్ పాస్టరు తుర్కీలోని మలాత్యాలో అంధులకు ఆశ్రయం కట్టించాడు. వికలాంగుల కోసం పనిచేసే సీబీఎం దానికి వారసురాలు.

మనకు ఈ సంగతి అవతలి వైపు నుంచి తెలుసు. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్, ఆ తర్వాత ఒంగోలులో క్లౌ, వాళ్ల వెనక వచ్చిన మిషనరీలు నడిపిన బడులూ బోర్డింగులూ సముద్రాల అవతలి సంఘాల కానుకల మీద నిలబడ్డవే. ఇంట్లో పెద్దవాళ్లను కదిపితే ఏ తాతయ్యో బోర్డింగులో తిన్న అన్నం గురించి చెబుతారు. ఎవరు పంపారో ఆయనకు తెలియదు. ఆ ధార తెగితే ఎలా ఉంటుందో కూడా మన దేశం చూసింది. 2017 మార్చిలో కంపాషన్ ఇండియాలో పని ముగించుకోవాల్సి వచ్చినప్పుడు లక్షా నలభై వేలకు పైగా పిల్లల పేర్లు ఒక్కసారిగా జాబితాలోంచి పోయాయి. ఇప్పుడు డాలస్‌లో, టొరంటోలో, మెల్‌బోర్న్‌లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు విశ్వాసులు ఇచ్చే వైపు నిలబడ్డారు. అందుకునే చెయ్యి ఎలా ఉంటుందో మరిచిపోకుండా ఇవ్వగలిగేది మనమే అని నాకొక గట్టి నమ్మకం.

ఒక చోటు తీసుకుని చూద్దాం. తూర్పు ఉగాండాలో, ఎల్గాన్ పర్వతానికి దగ్గర్లో ఎంబాలే అనే పట్టణం ఉంది. అక్కడ క్యూర్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ పిల్లల ఆస్పత్రి నడుపుతోంది. హైడ్రోసెఫలస్‌కు, అంటే మెదడులో నీరు నిలిచి తల పెరిగిపోయే జబ్బుకు, ఆ ఆస్పత్రికి ప్రపంచమంతా పేరుంది. ఆ ప్రాంతంలో ఈ జబ్బు పుట్టుకతో వచ్చేది తక్కువ. ఎక్కువమందికి పుట్టిన తొలి వారాల్లో సోకిన ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది. బిడ్డ చక్కగానే పుడతాడు, జ్వరం వస్తుంది, తగ్గుతుంది. కొన్నాళ్లకు తల పెద్దదవుతోందని తల్లి గమనిస్తుంది. చుట్టుపక్కలవాళ్లు చేతబడి అంటారు, శాపం అంటారు. తండ్రి ఇల్లు విడిచిపోవడం అరుదేమీ కాదు.

దీనికి పాత వైద్యం షంట్. మెదడు నుంచి పొట్టలోకి చర్మం కిందుగా సన్నటి గొట్టం వేసి నీటిని దింపుతారు. గొట్టం మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్ చేయాలి, అదీ వెంటనే. అమెరికాలో ఎమర్జెన్సీ గది అరగంట దూరం. ఎల్గాన్ వాలు మీద, వర్షాలకు రోడ్డు కోసుకుపోయిన పల్లెలో ఉన్న తల్లికి ఆ మూసుకుపోవడం మరణవార్త. 2000ల మొదట్లో అక్కడ పనిచేసిన బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికన్ న్యూరోసర్జన్‌కు నిద్రపట్టనివ్వని చిక్కు ఇదే. ఎండోస్కోపుతో మెదడులోనే నీటికి దారి చేసి, నీరు ఊరే కణజాలాన్ని కొంత కాల్చి, గొట్టం అవసరం లేకుండా చేసే పద్ధతిని పసిపిల్లలకు అనువుగా ఆయన అక్కడే రూపొందించారు. 2012లో ఆయనకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. పేద దేశపు ఆస్పత్రిలో రోడ్డు బాగాలేదన్న కారణంగా పుట్టిన వైద్యం ఇప్పుడు అమెరికా ఆస్పత్రుల్లోనూ చేస్తున్నారు. ఈ మాట మన సంఘాల్లో తరచూ చెప్పాలనిపిస్తుంది నాకు. ఎప్పుడూ మనమే వాళ్లకు నేర్పుతామనుకుంటాం కదా.

ఇక స్పాన్సర్ సంగతి. ఆపరేషన్ ఒక్క పూట పని. తర్వాత ఏళ్ల తరబడి తల చుట్టుకొలత చూపించుకోవాలి, కళ్లు చూపించుకోవాలి, ఫిట్స్ వస్తుంటే మందులు మానకుండా వేయాలి, మెడ నిలబెట్టడానికి, కూర్చోబెట్టడానికి రోజూ వ్యాయామం చేయించాలి. ఒక్కసారి ఆస్పత్రికి వెళ్లడమంటే ఏమిటో ఊహించండి. తెల్లవారకముందే బోడా బోడా ఎక్కాలి, అంటే అద్దెకు తిప్పే మోటారు సైకిలు. డ్రైవరు వెనక బిడ్డ, బిడ్డ వెనక తల్లి. మెయిన్ రోడ్డు మీద మినీబస్సు ఎక్కాలి. బిడ్డ ఒళ్లో పట్టని సైజుకు పెరిగాడంటే రెండో సీటుకూ డబ్బు అడుగుతారు. ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో మిగతా పిల్లలను ఎవరో చూడాలి. డాక్టరు ఇంకో రెండు రోజులుండమంటే తిండి, పడక. చికిత్స ఉచితమైనా ఈ ఖర్చులు ఉచితం కావు. రెండు విడతలు అప్పుచేసి వెళ్లిన తల్లి మూడో విడత మానేస్తుంది. ఆమె నిర్లక్ష్యమని ఫైల్లో రాస్తారు.

పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగిన పిల్లల విషయంలోనూ అంతే. అయోవా విశ్వవిద్యాలయంలో ఇగ్నేషియో పాన్సెటీ రూపొందించిన పద్ధతిలో వారం వారం ప్లాస్టర్ కట్లు మారుస్తూ పాదాన్ని సరిచేస్తారు. చాలామందికి పెద్ద ఆపరేషనే అక్కర్లేదు. కానీ ఆ తర్వాత మూడు నెలలు రోజుకు 23 గంటలు, నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిపూట, బూట్లకు అడ్డకడ్డీ బిగించిన బ్రేస్ తొడగాలి. రాత్రి బిడ్డ ఏడుస్తుంటే, పక్కనున్నవాళ్లు విసుక్కుంటుంటే, దాన్ని విప్పకుండా ఓర్చుకునేది తల్లి. విప్పేస్తే పాదం మళ్లీ తిరిగిపోతుంది. ఆ ఇంటికి నెలకోసారి వెళ్లి కూర్చుని, బ్రేస్ చూసి, నాలుగు ధైర్యపు మాటలు చెప్పి వచ్చే కార్యకర్త జీతంలో మీ కానుక ఉంటే అంతకంటే మంచి వాడకం నాకు తోచదు. పరిపాలనా ఖర్చులు ఎంత శాతం అని మనవాళ్లు మొట్టమొదట అడుగుతారు. ఆ కార్యకర్త జీతాన్ని కూడా కొన్ని సంస్థలు ఆ పద్దులోనే రాస్తాయి. శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు ఏం అడగాలంటే, మొదట బిడ్డ ఎక్కడ పడుకుంటాడని అడగండి. ప్రశ్న వింతగా ఉన్నా అన్నిటికంటే ముఖ్యమైనది. సొంత ఇంట్లో, అమ్మమ్మ దగ్గర, పిన్ని దగ్గర అని జవాబు వస్తే మాట్లాడటం కొనసాగించండి. మా హోంలో అంటే ఆగండి. ఎందుకక్కడ ఉన్నాడు, ఇంటికి పంపే ప్రయత్నం ఏం జరుగుతోంది అని అడగండి. వైకల్యం కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 23వ అధికరణం చెబుతోంది. చాలా పేద దేశాల్లో హోముల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఇంట్లో ఉంటే దొరకని మందు, బడి, తిండి హోంలో దొరుకుతాయని తెచ్చి వదిలారు. హోంకు మనం పంపే డబ్బే తల్లి చేతికి చేరితే ఆమె వదలాల్సిన పని ఉండేది కాదు. అనాథాశ్రమాలంటే మన సంఘాలకున్న మక్కువ నాకు తెలుసు. పుట్టినరోజు కేకు కోయడానికి వీలుగా ఒకచోట యాభై మంది పిల్లలు దొరుకుతారు. నిష్ఠూరంగా ఉన్నా అది మన సౌకర్యం.

తర్వాత, నెలనెలా పంపే మొత్తం ఏమవుతుందని అడగండి. పెద్ద సంస్థల్లో అది పిల్లాడి చేతికి వెళ్లదు. ఆ కేంద్రంలోని పిల్లలందరికీ కలిపి ఖర్చుపెడతారు, లేదా ఊరంతటికీ నీళ్లో బడో ఏర్పాటు చేస్తారు. మోసమేమీ లేదు, వాళ్ల కాగితాల్లోనే రాసి ఉంటుంది. కాకపోతే అందరికీ సమానంగా పంచే పద్ధతిలో వైకల్యం ఉన్న బిడ్డకు వాటా తక్కువ పడే ప్రమాదం ఉంది. శనివారాల్లో కేంద్రం పెట్టే కార్యక్రమానికి నడిచి రాలేని పిల్లాడికి అక్కడ పెట్టే భోజనం ఎలా అందుతుంది? ఇంటికి తెస్తారా? ఉపాధ్యాయురాలు వెళ్తుందా? వైద్య అవసరాలకు విడిగా నిధి ఉందా, అందులోంచి ప్రయాణ ఖర్చులు ఇస్తారా? ఈ మాటలు ఈమెయిల్లో రాసి అడగండి. సూటిగా జవాబిచ్చే సంస్థలు ఉన్నాయి. జవాబుకు బదులు మరో అందమైన వీడియో పంపే సంస్థలూ ఉన్నాయి.

స్పాన్సర్‌షిప్ నిజంగా పనిచేస్తుందా అనే సందేహం సహజం. బ్రూస్ వైడిక్ అనే ఆర్థికవేత్త బృందం ఇండియా, ఉగాండా సహా ఆరు దేశాల్లో కంపాషన్ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో చూసి 2013లో ప్రచురించింది. సాయం అందినవాళ్లు సగటున ఒక ఏడాదికి పైగా ఎక్కువ చదివారు, హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ. ఉత్సాహాన్నిచ్చే లెక్కే. కానీ మాట రాని, కూర్చోలేని పిల్లాడి దగ్గరికి ఈ కొలబద్ద పట్టుకెళ్లకండి. వాడు నిరుడు ఎన్నిసార్లు ఆస్పత్రి పాలయ్యాడు, ఇప్పుడు చెంచాతో తాగించే గంజి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మింగగలుగుతున్నాడా, పగలు చీకటి గదిలో ఉంటున్నాడా వాకిట్లోనా, వాళ్లమ్మ చిన్న బేరం ఏదైనా పెట్టుకోగలిగిందా అన్నవి వాడికి తగ్గ కొలతలు.

వీల్‌చెయిర్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన కానుకల్లో మొదట గుర్తొచ్చేది అదే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం సామాన్యుడికీ అర్థమయ్యేదే. కుర్చీ ఆ మనిషి కొలతకు సరిపోవాలి, ఆ నేల మీద నడవాలి, పాడైతే ఆ ఊళ్లోనే బాగుచేసే వీలుండాలి. నున్నటి ఆస్పత్రి గచ్చు కోసం చేసిన పెద్దవాళ్ల కుర్చీలో ఏడేళ్ల పిల్లాడిని కూర్చోబెడితే నడుము పక్కకు వాలిపోతుంది. స్పైనా బిఫిడా, అంటే పుట్టుకతో వెన్నెముకలో లోపం, ఉండి కింది భాగంలో స్పర్శ తెలియని బిడ్డకైతే సరైన మెత్త లేని కుర్చీ వల్ల పుండ్లు పడతాయి, అవి ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ముందు చక్రాలు చిన్నవైతే ఎర్రమట్టి బురదలో దిగబడి కుర్చీ మూలన పడుతుంది, కోళ్లు ఎక్కి కూర్చుంటాయి. అందుకని కుర్చీ కొనండి అని డబ్బు పంపేముందు, కొలతలు ఎవరు తీస్తారు, ఏడాది తర్వాత పిల్లాడు పెరిగితే ఎవరు మారుస్తారు అని అడగండి. కొన్నిసార్లు ఆ బిడ్డకు కావాల్సింది స్థానిక వడ్రంగి చేసే చెక్క కుర్చీ, ముందు చిన్న బల్ల, ఛాతీకి పట్టీ. ఫొటోలో ఏమంత గొప్పగా కనిపించదు.

ఉత్తరాల దగ్గరికి వద్దాం. ఎక్కువమంది చతికిలబడేది ఇక్కడే. ఏం రాయాలో తెలియక బైబిలు వాక్యాలు ఎత్తి రాసి, దేవుడు నిన్ను దీవించును గాక అని ముగిస్తారు. ఆ పిల్లాడికి అలాంటివి బడిలోనూ గుడిలోనూ రోజూ వినబడతాయి. మీ ఇంటి నుంచి మాత్రమే రాగలిగింది రాయండి. ఇలా ఉండొచ్చు:

"నీ ఉత్తరం అందింది. నువ్వు గీసిన కోడి మా అబ్బాయికి తెగ నచ్చింది. తోక నీలంగా ఎందుకుందో అడగమన్నాడు. మీ అమ్మ రాగి ముద్ద చేస్తుందని రాశావు. మా నానమ్మ వాళ్ల ఊళ్లోనూ రాగి సంకటి తింటారు, పులుసు పోసుకుని. మీరు దేనితో తింటారు? మీ చెల్లి బడికి వెళ్తోందా? నువ్వు రోజూ కూర్చునే చోటు నుంచి ఏమేం కనబడతాయి?"

తూర్పు ఉగాండాలో రాగులు మన రాయలసీమలో లాగే పాత పంట. ఇలాంటి చుట్టరికం ఒకటి దొరికితే పది ఉత్తరాలకు సరిపడా సరుకు ఉన్నట్టే. ఆఖరి ప్రశ్న చూడండి. నడవలేని పిల్లాడు రోజంతా గమనించేది ఆ కనబడే మేరనే. దాని గురించి వాడిని ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. వాడు చెప్పే జవాబులో మేకలుంటాయి, పక్కింటివాళ్ల తగాదాలుంటాయి. ఇంకో సంగతి, ఉగాండాలో బడి సంవత్సరం ఫిబ్రవరిలో మొదలై డిసెంబరులో ముగుస్తుంది, మూడు టర్ములు. జూన్‌లో వేసవి సెలవులు ఎలా గడిచాయని అడిగితే ఉత్తరం చదివి వినిపించే టీచరు నవ్వుకుంటుంది. మీ ఇల్లు, కారు, క్రూయిజ్ ఫొటోలు వద్దు. రాసినది అనువాదమై, కార్యాలయంలో ఒకరు చదివి, వర్షాకాలం దాటుకుని వెళ్లాలి కాబట్టి జవాబుకు రెండు మూడు నెలలు పట్టడం మామూలే. చిన్న వాక్యాలు రాస్తే అనువదించేవాళ్లు దీవిస్తారు.

పిల్లాడికి మాట రాదు, చదవలేడు అని తెలిస్తే ఉత్తరాలు మానేయకండి. వాడి పేరున ఒక బొమ్మో, తడిమితే గరుకుగా తగిలే కాగితమో పెట్టి, తల్లికి వేరే కాగితం రాయండి. చాలామంది స్పాన్సర్లకు ఈ ఆలోచనే రాదు. ఆమెను పలకరించండి, నిద్ర పడుతోందా అని అడగండి. మీ సంఘంలో ఇలాంటి బిడ్డను పెంచుతున్న తల్లి ఎవరైనా ఉంటే ఆమెతో కలిసి ఆ కాగితం రాయండి. బిడ్డ ఒళ్లు బిగుసుకుపోతే బట్టలు తొడగడం ఎంత కష్టమో ఆ ఇద్దరికీ తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు.

ఇప్పుడు విశ్వాసుల ఇళ్లల్లో తప్పని ప్రశ్న. స్వస్థత కోసం ప్రార్థించాలా? ప్రార్థించండి, ఎవరు వద్దంటారు? ఆ సంగతి ఉత్తరంలో మాత్రం రాయకండి. నువ్వు లేచి నడుస్తావని మేము నమ్ముతున్నాం అని రాస్తే, నడవని ప్రతి రోజూ ఆ పిల్లాడు మీకు బాకీ పడినట్టు అనుకుంటాడు. వాళ్ల ఊళ్లో ఇప్పటికే ఎవరో ఒకరు వాళ్లమ్మ పాపం వల్ల ఇలా పుట్టాడని అంటున్నారు. పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అడిగింది అదే, ప్రభువు ఆ లెక్కను అక్కడికక్కడే కొట్టిపారేశాడు. యోహాను సువార్త 9వ అధ్యాయం తెరిచి పెట్టుకుని పిల్లలతో మాట్లాడండి.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది మెఫీబోషెతు కథ. అయిదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పరుగెత్తుతుంటే జారిపడి రెండు కాళ్లూ కుంటివైన రాజకుమారుడు. దావీదు అతన్ని పిలిపించి ఏం చేశాడో రెండో సమూయేలు 9వ అధ్యాయంలో వరుసగా చూడండి. తాత పొలాలు తిరిగి రాయించాడు. ఆ పొలాలు దున్నడానికి సీబాను, అతని పదిహేనుమంది కొడుకులను, ఇరవైమంది పనివాళ్లను పురమాయించాడు. రాజు బల్ల దగ్గర రోజూ చోటిచ్చాడు. ఆదాయం, పనివాళ్లు, పదిమందిలో కూర్చునే చోటు, మూడూ ఉన్నాయి. అధ్యాయం ముగిసేసరికి అతని కాళ్లు కుంటివిగానే ఉన్నాయని కథకుడు మరీ చెప్పి ముగిస్తాడు. దావీదు మంచితనానికి దానివల్ల లోటేమీ రాలేదు.

ఇంట్లో పిల్లల ముందు ఒక అలవాటు మానుకోవాలి. కంచంలో అన్నం వదిలేస్తే, "అక్కడ ఆ అబ్బాయి తిండి లేక చస్తుంటే నువ్వు పారేస్తావా?" అనడం మన నోటికి ఇట్టే వచ్చేస్తుంది. నాలుగుసార్లు విన్న పిల్లకు ఆ ఫొటో అంటేనే ఒళ్లు మండుతుంది. దానికి బదులు పని అప్పగించండి. పెద్దమ్మాయి ఉత్తరాల తేదీలు చూస్తుంది, చిన్నవాడు పుట్టినరోజు కార్డు గీస్తాడు, కుటుంబ ప్రార్థనలో వంతులవారీగా ఆ ఇంటివాళ్లందరి పేర్లూ చెబుతారు, చెల్లెలితో సహా. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. సాక్ష్యం చెప్పేటప్పుడు తెర మీద వేయకండి. మీ సొంత బిడ్డ డయపర్‌తో ఉన్న ఫొటో, జబ్బు పేరుతో సహా, ఉగాండాలో ఏదో చర్చిలో వేస్తే మీరు ఒప్పుకుంటారా?

డబ్బు లెక్కలు త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో పన్ను రాయితీ కావాలంటే 501(సి)(3) గుర్తింపు ఉన్న అక్కడి సంస్థ ద్వారానే ఇవ్వాలి. విదేశంలోని ఆశ్రమానికి నేరుగా పంపితే రాదు. స్పాన్సర్ చేసిన బిడ్డను మీ డిపెండెంటుగా చూపకూడదు. ఇండియా నుంచి పంపేవాళ్లకు రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా వెసులుబాటు ఉంది, మన నెలసరి చందాకు ఆ హద్దు ఎలాగూ తగలదు. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి 80జి పన్ను రాయితీ మాత్రం వర్తించదు. ఇక విదేశాల్లో ఉండి ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్న బిడ్డను ఆదుకోవాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మీరు విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. తెలిసిన పాస్టరు గారి సొంత ఖాతాకు వేసేస్తే ఆయన్ని ఇబ్బందిలో పెట్టినవారవుతారు. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఈ లెక్కలోకి రాదు.

ఎంత ఇవ్వాలి అనేదానికంటే ఎన్నేళ్లు ఇవ్వగలం అన్నది ముందు ఆలోచించండి. దశమభాగం పక్కన పెట్టాక మిగిలినదాంట్లోంచి, ఉద్యోగం కాస్త ఒడుదుడుకులకు లోనైనా ఆపాల్సిన పని లేనంత. హెచ్1బి వీసా మీద ఉన్న ఇంట్లో ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజుల గడువు. ఆ రోజుల్లో మొట్టమొదట కొట్టేసే పద్దు ఇదే అవుతుందని నాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే మొదలుపెట్టేముందే ఏడాది మొత్తాన్ని విడిగా ఒక ఖాతాలో వేసి ఉంచండి, దాన్ని ముట్టకండి. ఉద్యోగం పోతే ఆ ఏడాదిలో సంస్థ ఇంకో కుటుంబాన్ని వెతుక్కుంటుంది. ఒక ఇల్లు మోయలేదనుకుంటే రెండు ఇళ్లు కలిసి ఒక బిడ్డను తీసుకోవచ్చు. చాలా గృహకూడికలకు ఇది చక్కగా సరిపోతుంది. ఉత్సాహంలో ముగ్గురు పిల్లల కార్డులు తీసుకోవడం కంటే ఎంతో మేలు.

వెళ్లి చూడాలనిపిస్తుంది. తప్పేం లేదు గానీ మీ నలుగురి టికెట్ల ఖర్చుకు ఆ బిడ్డకు ఎన్నేళ్ల సాయం వస్తుందో ఒకసారి లెక్కవేసుకోండి. వెళ్తే సంస్థ ద్వారానే వెళ్లండి, వాళ్లు అడిగే పోలీసు వెరిఫికేషన్‌కు నొచ్చుకోకండి. ఆ కట్టుబాటు పిల్లల భద్రత కోసం. ఉగాండాకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, అటునుంచి ఇండియా వచ్చేటప్పుడూ ఆ సర్టిఫికెట్ చూపాలి. చేతికి డబ్బు ఇవ్వకండి, ఊరంతా చూస్తుంటుంది, ఆ తల్లికి అది చిక్కు తెస్తుంది. ఒక పూట ఆమెతో పాటు ఆస్పత్రికి వెళ్లే వీలుంటే, మీరు అద్దెకు తీసుకున్న కారులో కాకుండా ఆమె వెళ్లే దారినే వెళ్లండి.

ఎవరూ మాట్లాడని విషయం ఒకటి మిగిలింది. ఈ పిల్లల్లో కొందరు బతకరు. ఒక జ్వరం, ఒక ఫిట్, మూసుకుపోయిన ఒక గొట్టం చాలు. సంస్థ నుంచి మర్యాదగా ఒక ఈమెయిల్ వస్తుంది, కొద్ది రోజుల్లోనే మరో బిడ్డ కార్డు జతచేసి మీ ప్రేమను కొనసాగించండి అంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. ఆ కార్డుకు వెంటనే జవాబివ్వకండి. మీ పిల్లలకు దాచకుండా చెప్పండి, ఏడవనివ్వండి. తర్వాత ఆ తల్లికి ఉత్తరం రాసి కార్యాలయం ద్వారా చేర్చమని అడగండి. చాలా సంస్థలు చేరుస్తాయి. అందులో బైబిలు వాక్యాలు తక్కువ, వాడి సంగతులు ఎక్కువ ఉండాలి. నీలం తోక కోడి గురించి, వాకిట్లోంచి కనబడిన మేకల గురించి వాడు చెప్పినవన్నీ మీ దగ్గర ఉన్నాయి, కొన్ని ఆమెకే తెలిసి ఉండవు. వాడి ఉత్తరాల నకళ్లు తీసి జతచేయండి. ఆ ఇంట్లో చెల్లెలు ఉంది కదా, ఆమె బడి సంగతి ఏమిటో సంస్థను అడగండి. కుదురుతుందంటే కొత్త కార్డు కంటే ముందు ఆ పేరు అడగండి.